తిన్నది వేరు, ఒంటికి పట్టింది వేరు

పోయినేడాది దసరా వెళ్ళిన వారం నుంచి నా అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. ముందు కొత్త చెప్పుల వల్ల అనుకున్నా, తర్వాత ఆఫీసులో ఎనిమిది గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం వల్ల అనుకున్నా, రాత్రి పడుకున్నాక కూడా పాకుతుంటే ఇక నెపం పెట్టడానికి ఏమీ మిగల్లేదు. దానికి తోడు నీరసం. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. నలభై నాలుగేళ్ళకే ఇదేంటని సిగ్గు.

షుగరేమో చూపించుకోండి అని మా ఆవిడ వారం రోజులు పోరితే వెళ్ళా. షుగర్ లేదు. బి12 మాత్రం 148 (200 కంటే తగ్గితే లోపం కిందే లెక్క), విటమిన్ డి 11 (కనీసం 20 ఉండాలట), హిమోగ్లోబిన్ 11.6, పైగా ఎర్రకణాలు ఉండాల్సిన సైజు కంటే పెద్దగా ఉన్నాయని రాశారు. డాక్టరు గారు రిపోర్టు చూసి బి12 ఇంజెక్షన్లు రోజు విడిచి రోజు, డి పొడి వారానికొక ప్యాకెట్టు రాసిచ్చి, "రోజూ ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగారు. లేదండీ అన్నా. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాం.

ఇంటికొచ్చాక నాకు పౌరుషం వచ్చింది. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లే, కానీ పాలకి పెరుగుకి ఆకుకూరలకి ఏనాడూ లోటు లేదు, అలాంటి ఇంట్లో పుట్టినవాడికి విటమిన్లు తక్కువేంటి, సూదులేంటి, మూడు నెలలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తింటే అవే సర్దుకుంటాయి అనుకున్నా. ఇది చేయకూడని పని, ముందే చెప్తున్నా. బి12 తక్కువై నరాల మీద పడినప్పుడు ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టం, కొంత ఇక తిరిగి రాదు కూడా. ఆ సంగతి నాకు జనవరిలో తెలిసింది. నవంబరులో మాత్రం ఆన్‌లైన్లో వంటింటి త్రాసు తెప్పించి, ఒక నోట్‌బుక్ పెట్టుకుని, చాలా హుషారుగా ఉన్నా.

నేను రోజూ ఉప్పల్ నుంచి మెట్రోలో తార్నాక మీదుగా వెళ్తా. అక్కడే జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. పదేళ్ళుగా ఆ దారిన వెళ్తున్నా అదేదో ప్రభుత్వ ఆఫీసు అన్నట్టు చూసేవాణ్ణి తప్ప లోపల ఏం చేస్తారో పట్టించుకోలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి వాళ్ళు 2017లో తెచ్చిన ఆహార పట్టికలు వెతికి పట్టుకున్నా. 528 రకాల మన తిండి పదార్థాల్లో ఏది ఎంత ఉందో అన్నీ కొలిచి పెట్టారు. తోటకూర, పొన్నగంటి కూర, గోంగూర, మన పేర్లతో మన సరుకే. దాంతోపాటు ఎవరికి రోజుకి ఎంత కావాలో 2020లో ఇచ్చిన లెక్క: నా వయసు మగవాడికి విటమిన్ సి 80 మిల్లీగ్రాములు, ఇనుము 19 మిల్లీగ్రాములు (ఆడవాళ్ళకి 29, ఇది చూసి మా ఆవిడ ప్లేటు వైపు మొదటిసారి సరిగ్గా చూశా), బి12 అయితే 2.2 మైక్రోగ్రాములు. మైక్రో అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇంత పిసరు కోసమా ఈ గొడవంతా అనిపించింది.

కార్తీకం కదా, అమ్మ భీమవరం నుంచి వచ్చి ఉంది. నా త్రాసు, నోట్‌బుక్ చూసి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు "ఏరా, ఇప్పుడు తోటకూర తూకం వేసి తింటే బలమా?" అంది.

విటమిన్ సి తేలిగ్గా అయిపోయింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక మామూలు జామకాయ తింటే రోజుకి కావలసిన దానికి రెట్టింపు దాటిపోతుంది, 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కార్తీకంలో ఉసిరికాయలు ఎలాగూ వస్తాయి. ఇన్నాళ్ళూ యాపిల్ పళ్ళు కిలో రెండొందలు పెట్టి కొని, గేటు ముందు బండి మీద జామకాయల్ని పిల్లల తిండి అనుకున్నా, అసలు యాపిల్లో సి చాలా తక్కువ. ఒక్క మార్పు చేశాం: నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండకుండా దించి చల్లారాక పిండడం, ఎందుకంటే సి వేడికి నిలవదు, నీళ్ళలో కరిగి పోతుంది. అమ్మ పెట్టే నల్ల ఉసిరికాయ పచ్చడిలో కూడా బోలెడు ఉంటుందని వాదించాలని ఉంది కానీ, ఏడాది నిలవున్న పచ్చడిలో పచ్చికాయంత సి ఉంటుందనుకోవడం నా జిహ్వ చెప్పే మాటే.

ఆకుకూరల దగ్గర నా డైటింగ్ తెలివి బయటపడింది. అప్పటికి రెండేళ్ళుగా బరువు తగ్గాలని నూనె చుక్క వేయకుండా పాలకూర ఉడకబెట్టి, పప్పులో నెయ్యి మానేసి తింటున్నా. ఆకుకూరల్లో, క్యారెట్లో, బొప్పాయిలో ఉండేది విటమిన్ ఎ కాదు, కెరోటిన్, అది లోపలికెళ్ళాక ఎ గా మారాలి, మారేది కొంతే. ఆ కొంత కూడా పేగులోంచి ఒంట్లోకి చేరాలంటే తిండిలో కాస్త కొవ్వు ఉండాలి. ఎ, డి, ఇ, కె నాలుగూ కొవ్వులో కరిగేవే. అమ్మ చిన్నప్పటి నుంచీ "నెయ్యి లేని పప్పు ఒంటికి పట్టదురా" అనేది, నేనది ఆవిడ నెయ్యి పిచ్చి అనుకునేవాణ్ణి. ఒక చెంచా నెయ్యి తిరిగొచ్చింది ఇంట్లోకి. ఆకు కోసి కడిగేది మా ఇంట్లో, కడిగి కోయడం మొదలుపెట్టాం, ఉడికించిన నీళ్ళు పారబోయకుండా చారులో పోశాం. మునగాకు మాత్రం పప్పులో వేస్తే నాకు నచ్చలేదు, నువ్వులు వేసి కారప్పొడి కొట్టాక గానీ దిగలేదు. ఇక్కడొక హెచ్చరిక: మా బాబాయికి గుండెకు వాల్వు ఆపరేషను అయ్యాక రక్తం పలచబడే మాత్రలిచ్చారు, ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ కాబట్టి ఆ మాత్రలు వాడేవాళ్ళు ఒక వారం మానేసి ఇంకో వారం గంపెడు తినకూడదు, రోజూ ఒకేలా తినాలని డాక్టరు చెప్పారట. అలాంటివాళ్ళు నా నోట్‌బుక్ పట్టుకోవద్దు.

ఆకుకూరల మాట వచ్చినప్పుడల్లా అమ్మకి ఒక గర్వం ఉంది. ఆకుల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ని, ఆ పేరే లాటిన్లో ఆకు అన్న మాటలోంచి వచ్చింది, 1940లలో అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపించింది యెల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయన 1895లో భీమవరంలోనే పుట్టారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది, చివరికి దానికి ఫోలిక్ యాసిడే మందయింది. "మా ఊరాయన" అంటుంది అమ్మ, ఆయన 1948లో పోయేనాటికి ఈవిడ పుట్టనే లేదు, అయినా పక్కింటాయన గురించి చెప్పినట్టే చెప్తుంది.

బియ్యం దగ్గర మాత్రం ఇద్దరం గంటలు గంటలు మాట్లాడుకున్నాం. మా ఇంట్లో తెల్లటి పాలిష్ బియ్యం, నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగుసార్లు కడగడం, కుక్కర్ అన్నం ముద్దవుతుందని గిన్నెలో వండి గంజి వార్చడం. బి1, అంటే థయమిన్, గింజ పైపొరలోనే ఉంటుంది. మిల్లులో సగానికి పైన తవుడుతో పోతుంది, మిగిలింది కడిగిన నీళ్ళతో సింకులోకి, ఇంకా మిగిలింది గంజిలోకి. తవుడు గేదెలకి, గంజి కుడితి తొట్లోకి, తెల్లటిది మాత్రం మనకి. ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్లో ఈ బి1 తక్కువైతే వచ్చే బెరిబెరి జబ్బు బాగా ఉండేది, ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంతగా లేదు, ఎందుకంటే వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలో ఉన్నది కొంత గింజ లోపలికి దిగుతుంది, మరపట్టినా పోదు. నేను మెట్రోలోంచి చూసే ఆ ఎన్‌ఐఎన్ కూడా పుట్టింది దీనికోసమే: 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే ఆయన బెరిబెరి మీద పరిశోధనకి ఒక చిన్న గది లాంటి యూనిట్ మొదలుపెట్టారు, అది పెరిగి 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇదంతా అమ్మకి చెప్తే "మీ తాతమ్మ దంపుడు బియ్యమే తినేది, మేమే మిల్లు బియ్యం తెల్లగా ఉంటుందని మోజు పడ్డాం" అంది. ఇప్పుడు మా ఇంట్లో ఒక పూట దంపుడు బియ్యం, రెండుసార్లే కడగడం, గంజి వార్చకుండా నీళ్ళు కొలిచి పోయడం. పిల్లలు మొదటి వారం అలిగారు. ఆదివారం మాత్రం పాత పద్ధతే, గంజి వార్చిన అన్నంలో ఆవకాయ కలుపుకున్నప్పుడు థయమిన్ గురించి ఆలోచించడం నా వల్ల కాదు.

ఇనుము సంగతి టీ దగ్గర తేలింది. భోంచేసి చెయ్యి కడుక్కోగానే నాకు టీ పడాలి. టీలో ఉండే వగరు పదార్థాలు ఆకుల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు, అదే తిండితో పాటు సి ఉన్నదేదైనా తింటే ఎక్కువ అందుతుంది. అంటే మధ్యాహ్నం గోంగూర పప్పు తిని, మీద టీ తాగి, ఆ పప్పులోని ఇనుముని నేనే కాల్వలో పోస్తున్నానన్నమాట. టీ నాలుగింటికి జరిపి, భోజనం చివర్న సగం జామకాయ పెట్టుకున్నా. మూడు నెలల్లో అన్నిటికంటే కష్టం ఇదే.

విటమిన్ డి తిండితో కాదని మొదటి వారంలోనే అర్థమైంది. రోజుకి 600 యూనిట్లు కావాలి, గుడ్డు తినేవాళ్ళకైనా ఒక పచ్చసొనలో నలభై దాకా ఉంటాయి, పదిహేను గుడ్లు ఎవరు తింటారు. పాల ప్యాకెట్టు మీద నీలం రంగులో ఎఫ్ అక్షరం పక్కన కూడిక గుర్తు ఉంటే అందులో ఎ, డి కలిపారని అర్థం, మేమిప్పుడు అది చూసి కొంటాం, కానీ అదీ కొంతే. ఇక ఎండే గతి. ఆఫీసులో అద్దాల పక్కన నా సీటుకి పొద్దంతా ఎండ పడుతుంది, అది చాలనుకునేవాణ్ణి, డి తయారవడానికి కావలసిన కిరణాలు అద్దంలోంచి రావట. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు పట్టుకుని టెర్రస్ మీదకెళ్ళి చేతులు మడిచి ఇరవై నిమిషాలు కూర్చునేవాణ్ణి. ఏం సార్, మీటింగులో తిట్టారా అని సెక్యూరిటీ అబ్బాయి అడిగాడు ఒకసారి.

అసలు కథ బి12ది. మొక్కల్లో అది లేదు, మాంసం, చేపలు, గుడ్లు, పాలు, అంతే. మాకు పాలే. గ్లాసు పాలలో దాదాపు ఒక మైక్రోగ్రాము. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యాహ్నం పెద్ద గిన్నెడు పెరుగు, మొత్తం లెక్కేస్తే 2.2 దాటి మూడుకి దగ్గరగా వచ్చింది. నోట్‌బుక్‌లో రోజూ టిక్కు పెట్టుకున్నా. అది చాలదన్నట్టు చద్దన్నంలో బి12 పుడుతుందని ఎవరో వీడియోలో చెప్తే నెల రోజులు తరవాణి కూడా తాగా. చద్దన్నం మంచిదే, కడుపుకి హాయిగా ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని బి12 లోపం తీర్చుకోవడం కుదరదు. స్పిరులినా మాత్రలు కూడా కొన్నా, అందులో ఉండేది బి12 లాగే కనిపిస్తుంది, మన ఒంటికి పనికొచ్చే రకం కాదు. రెండు నెలల మాత్రలకి పదిహేను వందలు పోయాయి.

జనవరి మూడో వారంలో మళ్ళీ పరీక్ష. డి 17, హిమోగ్లోబిన్ 12.1. బి12 139.

పెరగడం అటుంచి తగ్గింది. తిమ్మిరి అప్పటికి మడమ దాటి చీలమండ దాకా వచ్చింది, పొద్దున్నే చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి టైం పడుతోంది. డాక్టరు గారికి నోట్‌బుక్ చూపించా. తిట్టలేదు, పేజీలన్నీ తిరగేసి, "ఇన్ని రాశారు, పొద్దున లేవగానే ఏం చేస్తారో రాయలేదే" అన్నారు. మొహం కడుక్కుంటా, గ్యాస్ మాత్ర వేసుకుంటా, పాలు తాగుతా అన్నా. "గ్యాస్ మాత్ర ఎన్నాళ్ళుగా?" మూడేళ్ళు దాటింది. ఏదో పెళ్ళి భోజనం పడక మందుల షాపులో అడిగి తెచ్చుకున్నా, బాగుంది కదా అని రోజూ పరగడుపున ఒకటి. అది మందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అందుకే ఆ రోజు లేదండీ అన్నా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. తిండిలో బి12 మాంసకృత్తులకి అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసేది కడుపులో ఊరే ఆమ్లం. విడిపోయాక కడుపే తయారుచేసే ఇంకో పదార్థం దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తే అక్కడ రక్తంలోకి చేరుతుంది. నా మాత్ర పనల్లా ఆ ఆమ్లాన్ని తగ్గించడమే. కాబట్టి రోజూ మూడు మైక్రోగ్రాములు తాగుతున్నా అందులో చాలావరకు అతుక్కున్నది అతుక్కున్నట్టే వెళ్ళిపోతోంది. లివర్లో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళకీ బి12 తగ్గుతుందట, దారి వేరు. మాత్రల్లో ఉండే బి12 దేనికీ అతుక్కుని ఉండదు కాబట్టి దానికి ఆమ్లంతో పని లేదు, ఇంజెక్షన్‌కి కడుపుతోనే పని లేదు. ఇంకోటి కూడా చెప్పారు: బి12 సంగతి చూడకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. నేను దాదాపు కొనబోయా.

ఆ రోజే మొదటి ఇంజెక్షన్. గ్యాస్ మాత్ర ఆయన చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించి ఆరు వారాల్లో మానేశా (ఎవరికైనా డాక్టరే రాసిచ్చి ఉంటే సొంతంగా ఆపకండి, నాది నేనే మొదలుపెట్టుకున్న దరిద్రం). నీరసం రెండు వారాల్లో పోయింది. తిమ్మిరి పోవడానికి నాలుగు నెలలు పట్టింది, ఎడమ కాలి బొటనవేలి దగ్గర ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది, ఉండిపోవచ్చు అన్నారు. ఆ మూడు నెలల పౌరుషానికి అది నా గుర్తు.

ఇదంతా ఒక రాత్రి అమ్మకి చెప్తున్నా, కాళ్ళు ఎలా ఉండేవో, చీమలు పాకినట్టు, దూది మీద నడుస్తున్నట్టు అని. అమ్మ చేతిలో ఒత్తులు చేసుకుంటూ "నాకూ అంతే కదరా, మూడేళ్ళయింది, చీకట్లో బాత్రూముకెళ్తే గోడ పట్టుకోకపోతే తూలిపోతా, వయసు కదా" అంది. ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా అంటే, ఇందులో చెప్పడానికేముంది అంది. మర్నాడే పరీక్ష చేయించా. 104. ఆవిడ గ్యాస్ మాత్ర ఎన్నడూ వేసుకోలేదు, రోజూ గడ్డపెరుగే తింటుంది, కానీ వయసు పైబడేకొద్దీ చాలామందికి కడుపులో ఆమ్లం తనంతట తనే తగ్గిపోతుందట. నేను మూడు నెలలు ఆవిడ పక్కనే కూర్చుని తోటకూర తూకం వేశా, ఆవిడ గోడ పట్టుకుని నడవడం చూడలేదు.

సూది అంటే అమ్మకి భయం. కాంపౌండరు వచ్చినప్పుడల్లా "బాబూ, ఇది సగమే వేయి" అని బేరం. ఆ వారాల్లోనే ఒకరోజు మాటల్లో రేషన్ బియ్యం సంగతి వచ్చింది. ఊళ్ళో దోశల పిండికి రేషన్ బియ్యమే నానబోస్తుంది, అందులో కొన్ని గింజలు నీళ్ళలో పైకి తేలుతున్నాయని, అవి ప్లాస్టిక్ బియ్యమని వీధంతా అనుకుంటుంటే రెండేళ్ళుగా ఓపిగ్గా ఏరి పారబోస్తోందట. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. చెప్తే కాసేపు నా మొహం చూసింది. నిజానికి ఏరకపోయినా ఆవిడకి అది చాలేది కాదు, కిలోకి ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ ఉంటుంది, అయినా ఉన్న ఆ కాస్తనీ ఏరి మరీ కాకులకి వేసింది.

జూన్‌లో ఊరికెళ్ళిపోయింది. నెలకొక ఇంజెక్షన్ అక్కడే వేయించుకుంటోంది, గోడ పట్టుకోవడం తగ్గిందని చెప్తోంది, పూర్తిగా నమ్మను, మా తమ్ముణ్ణి అడిగి తెలుసుకుంటా. మొన్న ఫోనులో "దోశలకి నానబోశానురా, నీ బి12 గింజలు పైకి తేలాయి" అంది. ఏం చేశావమ్మా అన్నా.

"గరిటెతో లోపలికి నొక్కా."